ఆస్టియోసార్కోమా ఉన్న అమ్మాయికి ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ చదవడానికి ఇవ్వొచ్చా?

మీరు అడిగింది ఇదీ. చిత్తూరులో ఉంటున్న మీ అక్క కూతురికి పదిహేడేళ్లు. మోకాలి పైన ఎముకలో ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ అని తేలింది, కీమో మొదలైంది. స్నేహితురాలెవరో చెబితే జాన్ గ్రీన్ నవల ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’ తెచ్చిపెట్టమని మిమ్మల్ని అడిగింది. క్యాన్సర్ పిల్లలు చచ్చిపోయే కథ ఇంట్లోకి తేవడం అపశకునమని మీ అక్క వద్దంటోంది. ఇవ్వాలా వద్దా, పోనీ ఆ నవల మీద వచ్చిన హిందీ సినిమా చూపిస్తే సరిపోతుందా అని అడిగారు.

ఇవ్వండి. కాకపోతే ముందు మీరు మొత్తం చదవండి. ఇచ్చేటప్పుడు ఒక సంగతి ఆ అమ్మాయికి విప్పి చెప్పండి. ఆ సంగతి తర్వాత రాస్తాను, ముందు నేను ఎందుకు ఇవ్వమంటున్నానో చెప్పనివ్వండి.

నాది తిరుపతి. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా నాకు హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫ్ గ్రంథుల క్యాన్సర్ వచ్చింది. మెడ పక్కన గడ్డ, రాత్రిళ్లు దిండు తడిసిపోయేంత చెమట, ఒళ్లంతా దురద. మన వైపు మెడలో గడ్డ అంటే ముందు టీబీయే గుర్తొస్తుంది, నాకూ మొదట అదే అన్నారు. గడ్డ తీసి బయాప్సీకి పంపాక అసలు జబ్బు బయటపడింది. టీబీ అనుకున్నన్నాళ్లూ ఇంట్లో అందరూ బాహాటంగానే మాట్లాడుకున్నారు. అవ్వ రోజూ గుడ్డు ఉడకబెట్టి తినేదాకా ఎదురుగా కూర్చునేది. మామ ఫోన్ చేసి మందులు మానొద్దని చెప్పేవాడు. రిపోర్టు మారిన రోజు నుంచి ఆ ఊసే లేదు. నేను గదిలోకి వెళ్తే మాట మారిపోయేది. ఏదైనా అడగబోతే అవ్వ “అట్లాంటి మాటలు అనకూడదు, పైన తథాస్తు దేవతలుంటారు” అని నా నోరు మూయించేది.

కీమోకి జుట్టు ఊడడం మొదలయ్యాక అమ్మ ఇంటికే మనిషిని పిలిపించి గుండు చేయించింది. వేరే ఊళ్లో అయితే ఇంటర్ చదివే ఆడపిల్ల గుండుతో కనిపిస్తే ఏమైందని నలుగురూ అడుగుతారు. తిరుపతిలో ఎవరూ అడగరు. కొండ మీద కల్యాణకట్టలో రోజూ వేలమంది తలనీలాలు ఇస్తారు, బస్టాండులో, స్టేషన్లో ఎక్కడ చూసినా గుండ్లే. అమ్మ గంధం తీసి నా తలంతా పట్టించి మరీ వాకిట్లో కూర్చోబెట్టింది. పక్కింటావిడ చూసి “ఎప్పుడు పొయ్యొస్తిరి కొండకు?” అనింది. “మొన్న శనివారం. మొక్కుండింది” అంది అమ్మ, తడుముకోకుండా. ఆవిడ నాకు దణ్ణం పెట్టుకున్నావా అని అడిగింది, నేను తలూపాను.

అమ్మను నేను తప్పు పట్టడం లేదు. రేపు పెళ్లి కావలసిన పిల్ల, ఊరంతా తెలిస్తే ఎట్లా అన్నది ఆమె భయం. మీ అక్కకూ ఆ భయం ఉండే ఉంటుంది. కానీ ఆ వయసులో నాకు అర్థమైంది ఏమిటంటే, నా జబ్బు గురించి నేను తప్ప అందరూ మాట్లాడుకోవచ్చు, అదీ నేను లేని చోట. రాత్రిళ్లు ఫోన్‌లో వెతుక్కునేదాన్ని. ఇంటర్నెట్ ఏ భయానికీ అడ్డుకట్ట వేయదు కదా. అందుకే “ఆ పుస్తకం చదివితే పాప భయపడుతుంది” అన్న మాట నాకు సరిగ్గా అనిపించదు. పాప ఇప్పటికే భయపడుతోంది, ఒక్కతే భయపడుతోంది. ఆ పుస్తకం ఉందని తెలుసుకుని అడిగిందంటేనే అర్థం, దాని గురించి ఎవరైనా నిజంగా మాట్లాడితే వినాలని ఉంది ఆమెకు.

ఆ నవల నాకు ఒక క్లాస్‌మేట్ తెచ్చిచ్చింది. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని, ఫోన్‌లో డిక్షనరీ పెట్టుకుని మెల్లగా చదివాను. 2012 జనవరిలో వచ్చిన నవల అది. కథ అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జరుగుతుంది. కథ చెప్పే అమ్మాయి హేజెల్‌కి పదహారేళ్లు, థైరాయిడ్ క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. ముక్కుకి గొట్టాలు, వెంట చక్రాల మీద ఆక్సిజన్ సిలిండర్. అగస్టస్ అనే అబ్బాయికి ఆస్టియోసార్కోమా వల్ల ఒక కాలు తీసేసి కృత్రిమ కాలు పెట్టారు. వాళ్ల స్నేహితుడు ఐజాక్‌కి కంటి క్యాన్సర్. ముగ్గురూ ఒక చర్చి నేలమాళిగలో రోగుల కోసం జరిగే సమావేశంలో కలుస్తుంటారు.

నన్ను మొదట పట్టుకున్నది ప్రేమకథ కాదు. హేజెల్ తన జబ్బు గురించి ఎంత మామూలుగా మాట్లాడుతుందో అది. ఊపిరితిత్తుల్లో నీళ్లు చేరితే చేరాయని చెబుతుంది, విసుగొస్తే విసుగొచ్చిందంటుంది. షాపింగ్ మాల్‌లో చిన్నపిల్ల ఒకతి వచ్చి ముక్కులో గొట్టాలేంటని అడిగితే సంతోషంగా చూపిస్తుంది. నా గుండు మీది గంధం గుర్తొచ్చి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అలా అడిగేవాళ్లు నాకూ ఒకరుంటే బాగుండుననిపించింది.

రచయిత గాలిలోంచి తెచ్చి రాసిన కథ కాదిది. జాన్ గ్రీన్ వయసులో ఉండగా పిల్లల ఆసుపత్రిలో విద్యార్థి చాప్లెన్‌గా, అంటే రోగుల పక్కన కూర్చుని ధైర్యం చెప్పే పనిలో కొన్ని నెలలు ఉన్నారు. ఈ పుస్తకాన్ని అంకితమిచ్చింది ఎస్తర్ ఎర్ల్ అనే అమ్మాయికి. ఆమె ఆయనకు స్నేహితురాలు, 2010లో పదహారేళ్లకు థైరాయిడ్ క్యాన్సర్‌తో పోయింది. హేజెల్ ఎస్తర్ కాదని ఆయనే చెప్పారు. అయినా ఆ పిల్లల మధ్య మసిలిన మనిషి రాశాడన్నది చదువుతుంటే తెలుస్తుంది.

ఇక నన్ను నిద్రపోనివ్వని భాగం తల్లిది. హేజెల్‌కి తన చావు కంటే పెద్ద బెంగ, తను పోయాక అమ్మానాన్న ఏమైపోతారన్నది. చిన్నప్పుడు ఐసీయూలో ఉండగా, ఇక నేను తల్లిని కాకుండా పోతానని అమ్మ ఏడుస్తూ అనడం ఆమె చెవిన పడింది. ఆ మాట ఆమెను ఏళ్ల తరబడి వదలదు. తనకు ప్రాణమైన నవల ఒకటి అర్ధంతరంగా ఆగిపోతే, ఆ రచయితను వెతుక్కుంటూ ఆమ్‌స్టర్‌డామ్ దాకా పోయి ఆమె అడిగేది కూడా అదే: కథలో పిల్ల పోయాక ఆ తల్లి ఏమైంది? చివర్లో హేజెల్‌కి ఒక సంగతి తెలుస్తుంది. వాళ్లమ్మ తనకు చెప్పకుండా సోషల్ వర్క్ కోర్సు చదువుతోంది, ఇలాంటి కుటుంబాలకు తోడుండడానికి. కూతురు బాధపడుతుందేమోనని దాచింది. కూతురికేమో ఆనందం పట్టలేదు. నేను లేకపోయినా అమ్మకు బతుకుంటుంది అని తెలియడం ఆ పిల్లకు ఎంత ఊరటో, జబ్బుపడని వాళ్లకు అర్థం కావడం కష్టం.

మా అమ్మ జాకెట్లు కుట్టేది. నా రిపోర్టు వచ్చినప్పటి నుంచి మిషన్ మీద దుప్పటి కప్పేసింది, ఇంటికి వచ్చిన గుడ్డలన్నీ తిప్పి పంపింది. ఇప్పుడు అలిపిరి దగ్గరే క్యాన్సర్ ఆసుపత్రి వచ్చింది గానీ, అప్పుడు మా వాళ్లకు వేలూరే దిక్కు. తిరుపతి నుంచి కాట్పాడి ప్యాసింజర్‌లో వెళ్లేవాళ్లం, వేలూరికి అక్కడే దిగాలి. ఆ నవల పూర్తయ్యాక ఒకసారి, పాకాల దాటాక అడిగాను: “అమ్మా, నాకేమన్నా అయితే నువ్వు మళ్లీ మిషన్ తొక్కుతావా?”

“నోర్మూసుకో” అంది. చిత్తూరు స్టేషన్ వచ్చి పోయేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. పల్లీల అబ్బాయి వచ్చి రెండుసార్లు అడిగినా పలకలేదు. కాట్పాడిలో దిగడానికి సంచులు సర్దుకుంటూ, నా మొహం చూడకుండా, “తొక్కకుండా ఎట్లా బతికేది? నీ తమ్ముడుండాడు గదా” అంది.

అంతే. ఆ రోజు డ్రిప్ పెట్టినప్పుడు నాకు మామూలుగా వచ్చే వణుకు రాలేదు. ఊరికొచ్చిన కొన్నాళ్లకు అమ్మ ఎవరిదో పెళ్లి జాకెట్ల పని ఒప్పుకుంది. అక్కడి నుంచి డాక్టర్ దగ్గర కూడా నన్ను బయటికి పంపకుండా నా ముందే అడగడం మొదలుపెట్టింది. ఆ నవల చదవకపోతే నాకు ఆ ప్రశ్న అడగొచ్చని తోచేదే కాదు. నా దృష్టిలో మీ పాప కంటే ముందు ఈ భాగం మీ అక్కకు తెలియాలి. ఆమె ఇంగ్లీషు చదవకపోతే మీరు కూర్చుని కథగా చెప్పండి, ముఖ్యంగా తల్లి కోర్సు సంగతి.

ఇప్పుడు ముందే చెప్పాలన్న విషయానికొస్తాను. నవలలో చనిపోయేది హేజెల్ కాదు, అగస్టస్. అతనిది మీ పాప జబ్బే. చదివేవాళ్లంతా హేజెల్ పోతుందనుకుంటారు, ఎందుకంటే ఆక్సిజన్ మీద ఉన్నది ఆమె. బాగైపోయాడనుకున్న అబ్బాయికి జబ్బు తిరగబెట్టి ఒళ్లంతా పాకుతుంది. కథగా అది గొప్ప మలుపే. కానీ అదే జబ్బుకు కీమో తీసుకుంటున్న పిల్ల అర్ధరాత్రి ఒక్కతే ఆ పేజీ దగ్గరికి చేరడం నాకు ఇష్టం లేదు. మలుపు ముందే తెలిస్తే కథ చప్పబడుతుందని మొహమాటపడొద్దు. “ఇందులో అగస్టస్‌కి నీ జబ్బే, అతనికి తిరగబెడుతుంది, చనిపోతాడు. తెలిసీ చదువుతానంటే ఇస్తాను” అని చెప్పండి. వద్దంటే వద్దు. ఆ నిర్ణయం ఆమెదే కావాలి. ఇన్ని నెలల్లో ఆమెను అడిగి చేసిన పని ఇంకేదైనా ఉందేమో చూడండి. సూది, స్కాన్, ఆపరేషన్ తేదీ అన్నీ పెద్దవాళ్లే నిర్ణయిస్తారు.

చెప్పేటప్పుడు నిజాలు కూడా పక్కన పెట్టుకోండి. ఆస్టియోసార్కోమా టీనేజ్ పిల్లల్లో ఎముకకు వచ్చే క్యాన్సర్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, అందులోనూ మోకాలి చుట్టూ. పిల్లలు గబగబా పొడుగెదిగే వయసులో వస్తుంది. ఎవరూ చేసిన తప్పు వల్లా కాదు, ఆటల్లో తగిలిన దెబ్బ వల్లా కాదు. 1970లకు ముందు, కాలు తీసేయడం ఒక్కటే వైద్యంగా ఉన్న రోజుల్లో నూటికి ఇరవై మంది కూడా దక్కేవారు కాదు. ఆపరేషన్‌కు ముందూ తర్వాతా కీమో ఇవ్వడం మొదలయ్యాక లెక్క మారింది. వేరే చోటికి పాకకముందే పట్టుకుంటే ఇవాళ నూటికి అరవై, డెబ్బై మంది దాకా ఏళ్ల తరబడి బాగుంటున్నారు. చాలామందికి కాలు తీయకుండానే, జబ్బున్న ఎముక భాగం మాత్రం తీసి లోపల లోహపు ఇంప్లాంట్ పెడుతున్నారు. మీ పాపది ఏ దశలో ఉందో, ఆమె కాలికి ఏం చేయబోతున్నారో ఆమె డాక్టరే చెప్పాలి, ఆమె కూడా వినేలా చెప్పాలి. నా జబ్బు వేరు, దానికి వైద్యం ఇంకా బాగా పనిచేస్తుంది, కాబట్టి నేను బాగయ్యాను కదా అని మీకు హామీ ఇవ్వలేను. ఎర్ర మందు, అంటే డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎక్కాక ఒంటికి రెండు మూడు రోజులు ఎట్లా ఉంటుందో మాత్రం మా ఇద్దరికీ తెలుసు. ఆ మందు మీ పాపకూ ఇస్తూ ఉంటారు.

ఇంకోటి. నవలలో హేజెల్‌ని బతికిస్తున్న ఫాలాన్‌క్సిఫర్ అనే మందు ఉంది. అది నిజంగా లేదు, అలాంటిదొకటి ఉంటే బాగుండునని తానే కల్పించానని రచయిత పుస్తకం చివర రాశారు. మీ బావగారు దాన్ని వెతుకుతూ ఫార్మసీలకు ఫోన్లు చేయకముందే చెప్పేయండి. ఇలాంటి ఆశలు ఇంట్లో ఎంత తొందరగా పాకుతాయో నేను చూశాను.

మన బతుక్కి కుదరనివి అందులో చాలా ఉన్నాయి. ఆ పిల్లలు ప్రొఫెసర్లలా మాట్లాడతారు, కొన్ని సంభాషణలు నాకు ఇప్పటికీ అతిగానే అనిపిస్తాయి. సొంతంగా కారు నడుపుకుంటూ తిరుగుతారు. మన దగ్గర జబ్బుపడ్డ ఆడపిల్లను బాత్రూమ్ దాకా కూడా ఒంటరిగా వదలరు. డబ్బు గొడవ పెద్దగా కనిపించదు. వేలూరు గాంధీ రోడ్డు లాడ్జీలో స్టవ్ మీద అన్నం వండుకుంటూ, వైద్యం ఖర్చుకు అప్రూవల్ వచ్చిందా, రేపటి మందుకు ఎవరినడగాలి అని నాన్న గొంతు తగ్గించి ఫోన్‌లో మాట్లాడే రాత్రులు ఆ నవలలో లేవు. నేను నాన్నకు భారమైపోయానన్న బాధ నాకు జబ్బు కంటే ఎక్కువ ఉండేది. మీ పాపకూ ఉంటుంది. దాని గురించి ఏ నవలా రాయదు, మీరే మాట్లాడాలి. చర్చి సమావేశం లాంటిది కూడా మనకు లేదు గానీ, కీమో ఎక్కించే డే కేర్ బయట బెంచీల మీద తల్లిదండ్రులు చెప్పుకునే కబుర్లే మాకు సమావేశం. ప్లేట్‌లెట్లు ఎవరిస్తారు, నోటిపూతకు ఏం వాడారు, అన్నీ అక్కడే తెలిసేవి. పిల్లలం మాస్కులు పెట్టుకుని వినేవాళ్లం, మాతో మాత్రం ఎవరూ మాట్లాడేవారు కాదు. మీ పాప వార్డులో ఆమె ఈడు పిల్లలుంటే పరిచయం చేయండి, ఫోన్ నంబర్లు తీసుకోనివ్వండి. అది పుస్తకం కంటే ఎక్కువ పని చేస్తుంది.

పేరు గురించి ఒక మాట. షేక్స్‌పియర్ ‘జూలియస్ సీజర్’ నాటకంలో కాసియస్ బ్రూటస్‌తో, దోషం మన గ్రహాల్లో లేదు, మనలోనే ఉందంటాడు. ఈ నవల ఆ మాటను ఒప్పుకోదు. జబ్బుపడిన పిల్లల దోషం ఏమీ లేదంటుంది. పరామర్శకు వచ్చి “ఏ జన్మలో ఏం పాపం చేసిందో” అనే చుట్టాలు మా ఇంటికి చాలామంది వచ్చారు. మీ ఇంటికీ వస్తుంటారు. వాళ్లను గుమ్మం దగ్గరే ఆపగలిగితే ఆపండి, పుస్తకాన్ని ఆపాల్సిన పని లేదు.

ఇచ్చాక పదే పదే “ఎంతవరకు వచ్చింది?” అని అడగొద్దు. చివరి భాగంలో అగస్టస్ రాత్రిపూట ఒక్కడే పెట్రోల్ బంకుకు వెళ్లి, పొట్టకు పెట్టిన గొట్టం దగ్గర ఇన్ఫెక్షన్‌తో కదల్లేక ఉండిపోయే ఘట్టం ఉంది. మొత్తం పుస్తకంలో అదే చాలా కష్టమైనది. తర్వాత, తను బతికి ఉండగానే తన సంతాప ప్రసంగాలు వినాలని స్నేహితులను పిలుస్తాడు. ఆ అధ్యాయాల దగ్గరికి వచ్చినప్పుడు మీరు ఆ ఇంట్లో ఉండేలా చూసుకోండి. ఏడిస్తే ఏడవనివ్వండి. ఏడ్చిందని మీ అక్క పుస్తకం లాక్కోకుండా చూడడమే మీ పని. మధ్యలో విసుగొచ్చి పక్కన పెట్టేస్తే అదీ మంచిదే, అడగొద్దు.

సినిమా సంగతి. ఇంగ్లీషు సినిమా 2014లో వచ్చింది. హిందీ ‘దిల్ బేచారా’ 2020 జులైలో వచ్చింది, అందులో హీరో సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చనిపోయిన నెల దాటాక. అది చూసేవాళ్లకు కథలో అబ్బాయి దుఃఖం కంటే ఆ నటుడి దుఃఖమే ముందు తగులుతుంది. దానికంటే పెద్ద ఇబ్బంది, సినిమా అంటే ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారు. అందరూ ఏడుస్తారు, ఆ పిల్ల అందరినీ ఓదార్చాల్సి వస్తుంది. జబ్బుపడ్డ పిల్లలు ఆ పని ఇప్పటికే రోజూ చేస్తుంటారు. కాబట్టి ముందు పుస్తకం. సినిమా తర్వాత ఆమెకే చూడాలనిపిస్తే, ఆమె ఎవరితో చూస్తానంటే వాళ్లతో.

మెథోట్రెక్సేట్ అనే కీమో మందు పెద్ద మోతాదులో ఇచ్చేటప్పుడు సెలైన్ ఎక్కిస్తూ రోజుల తరబడి ఆసుపత్రిలోనే ఉంచుతారు, చదవడానికి ఆమెకు టైమ్ దొరికేది అప్పుడే. చేతికి కాన్యులా, అంటే మందెక్కించే గొట్టం ఉన్నప్పుడు మూడు వందల పేజీల పుస్తకం పట్టుకోవడం కష్టం, ఫోన్‌లో అక్షరాలు పెద్దవి చేసుకుని చదవడం తేలిక. అచ్చు పుస్తకమే కావాలంటే కొత్త కాపీ కొనండి. రక్తంలో తెల్లకణాల కౌంట్ తక్కువగా ఉన్న రోజుల్లో ఫుట్‌పాత్ మీది దుమ్ము పట్టిన పాత కాపీ ఆమె చేతికి ఇవ్వొద్దు.